1937 ఫోర్డ్ కూపేతో పాతకాలపు మోడిఫైడ్ రేసు కారు కట్టడం ఎలా?

బాడీ కొనకముందే ఆ కాలంలో పరిగెత్తిన ఇలాంటి రేసు కారు ఫొటో ఒకటి సంపాదించండి. పక్కనుంచి తీసిన నలుపు తెలుపు ఫొటో అయితే మేలు. వెనకాల తేదీ రాసి ఉంటే ఇంకా మేలు. మీరు కట్టబోయే కారుకి అదే ప్లాను. సీటు ఎంత వెనక్కి ఉంది, ముందు బంపర్ పైపుని ఎలా వంచారు, కుడి వెనక టైరు ఎంత బయటికి వచ్చింది, ఇవన్నీ ఆ ఫొటోలోంచే తీసుకోవాలి. రిమ్ము 16 అంగుళాలని తెలుసు కాబట్టి దాన్నే స్కేలుగా పెట్టుకుంటే మిగతా కొలతలు దాదాపుగా వచ్చేస్తాయి.

ఈ కార్ల సంగతి తెలియనివాళ్లకి రెండు మాటలు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో కుర్రాళ్లు యుద్ధానికి ముందటి పాత కార్లు చవగ్గా కొని, ఫెండర్లు కోసేసి, అద్దాలు పీకేసి, ఇంజన్‌కి పని చేయించి, పావు మైలు, అర మైలు ట్రాకుల మీద పోటీలకి దిగేవారు. 1948 ఫిబ్రవరి 15న డేటోనా బీచ్‌లో నాస్కార్ (అమెరికాలో కారు రేసులు నడిపే సంస్థ) పేరుతో జరిగిన మొట్టమొదటి రేసు ఈ మోడిఫైడ్ కార్లదే. ఏ మార్పూ చేయని కొత్త కార్ల రేసులు మరుసటి ఏడాది జూన్‌లో గానీ మొదలు కాలేదు. తూర్పు తీరంలో ఈ కూపేల (రెండు తలుపుల పాత కార్ల) కాలం చాలా ఏళ్లు నడిచింది. 1970ల్లో పింటో, వేగా, గ్రెమ్లిన్ లాంటి చిన్న కార్ల బాడీలు వాటి చోటు తీసుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ ఊరివాడు రిచీ ఎవాన్స్ నారింజ రంగు 61 నంబరు కారుతో 9 నాస్కార్ మోడిఫైడ్ టైటిళ్లు గెలిచింది ఆ తరం కార్లతోనే.

నేను కనెక్టికట్‌లో, హార్ట్‌ఫోర్డ్ దగ్గర ఉంటాను. స్టాఫర్డ్, థాంప్సన్ ట్రాకులు రెండూ గంట లోపు దూరమే. ఈ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. పాత కార్ల ప్రదర్శనకి పిల్లల్ని తీసుకొచ్చి, "ఇలాంటిది మనమూ కట్టొచ్చా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. కట్టొచ్చు. మా పక్కింటి పెద్దాయన గ్యారేజీలో ఆరేళ్ల పాటు శనివారాలు ఆయనతో కలిసి పనిచేసి నేర్చుకున్నది వరసగా చెప్తాను.

ఒక సంవత్సరం తేల్చుకోండి

మొదటి రోజే పెద్దాయన నాకు పెట్టిన నియమం ఇది. ఒక సంవత్సరం ఎంచుకో. కంటికి కనిపించేదీ, చెవికి వినిపించేదీ అంతా ఆ సంవత్సరానిదో అంతకుముందుదో అయి ఉండాలి. మనిషి ప్రాణం కాపాడేవి మాత్రం ఈనాటివే ఉండాలి. మేం 1952 అనుకున్నాం. ఆ ఒక్క నిర్ణయంతో వంద ప్రశ్నలకి జవాబు దొరికింది. 1955లో వచ్చిన షెవర్లే వీ8 ఇంజన్ చవగ్గా దొరుకుతుంది, తేలిగ్గా తిరుగుతుంది, అయినా మాకు పనికిరాదు. 1949 నాటి మెర్క్యురీ (ఫోర్డ్ వాళ్లదే ఇంకో బ్రాండు) కారు క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే వంపుల కడ్డీ, పనికొస్తుంది. కారు సగం అయ్యాక మనసు మార్చుకున్నారంటే డబ్బూ పోతుంది, కారూ ఏ కాలానిదీ కాకుండా పోతుంది.

మీరు తిప్పాలనుకుంటున్న క్లబ్బు నియమాల పుస్తకం కూడా ఇప్పుడే తెచ్చుకుని చదవండి. కేజ్ (డ్రైవర్ చుట్టూ కట్టే ఉక్కు పైపుల పంజరం) పైపు మందం దగ్గర్నుంచి హెల్మెట్ దాకా ప్రతి క్లబ్బుకీ దాని లెక్క ఉంటుంది.

బాడీ కొనడం

1937 ఫోర్డ్ కూపే నా సలహా. 1936 దాకా ఫోర్డ్ కూపేలకి పైకప్పు మధ్యలో గుడ్డ అతికించిన ఖాళీ ఉండేది. 1937 నుంచి పూర్తి ఇనుప కప్పు వచ్చింది. అదే ఈడు షెవర్లేలు కూడా అందంగానే ఉంటాయి గానీ 30ల మధ్య దాకా వాటి రేకు లోపల చెక్క చట్రం ఉంటుంది. చెక్క పుచ్చిపోతే తలుపులు కూడా కుదురుగా నిలవవు.

బాడీ చూడ్డానికి వెళ్లినప్పుడు అయస్కాంతం, టార్చిలైటు, మొద్దు స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. తలుపుల కింద అంచు, డిక్కీ గుంట, కింద అడ్డ పట్టీలు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ దండిగా పెట్టి ఉన్నారని అర్థం. తుప్పుకి భయపడకండి, రేకు ముక్క కోసి అతికించొచ్చు. ముందు అద్దం పక్క స్తంభాలు వంగిన బాడీ మాత్రం వదిలేయండి.

ఇంకో మాట. బాడీని నేరుగా ఇసుక బ్లాస్టింగ్‌కి పంపించకండి. తలుపు మీద అరచేతి వెడల్పున 400 నంబరు నీటి గరుకు కాగితంతో మెల్లగా రుద్ది చూడండి. మేం అలా రుద్దినప్పుడు పైన ఆకుపచ్చ పోయి, కింద బూడిద రంగు ప్రైమర్ వచ్చింది. దాని కింద ఎరుపు. ఎరుపు మీద ఒక తెల్లని వంకర గీత. నీళ్లు చల్లుతూ, ఒక్కో పూత దాటుతూ మధ్యాహ్నం దాకా రుద్దితే అది కుంచెతో రాసిన 7 అంకె అడుగు భాగమని తేలింది. కుంచె వెంట్రుకల గీతలు కూడా కనిపించాయి. అంటే మేం కొన్నది ఊరికే పాత కూపే కాదు, నిజంగా పరిగెత్తిన కారు. తలుపు అంచు వెంట పూడ్చేసిన బోల్టు కన్నాలు కూడా అప్పుడే దొరికాయి. ఆ రోజుల్లో తలుపులు తెరుచుకోకుండా పట్టీలూ గొలుసులూ బిగించేవారు. మీకూ ఇలాంటిది కనిపిస్తే అక్కడితో చెయ్యి ఆపి ఫొటోలు తీసుకోండి. ఆ తలుపుని మేం ఈ రోజుకీ మళ్లీ పెయింట్ చేయలేదు.

ఛాసీ

బాడీ ఎత్తి పక్కన పెట్టి, ఛాసీని నాలుగు స్టాండ్ల మీద లెవెల్‌గా నిలబెట్టండి. 1937 ఫోర్డ్ చక్రాల మధ్య దూరం 112 అంగుళాలు. లంబం గుండు వేలాడదీసి నాలుగు మూలల గుర్తులు నేల మీద పెట్టి, మూలనుంచి మూలకి దారం లాగండి. రెండు దారాల పొడవూ ఒకటే రావాలి. 1/8 అంగుళం తేడా ఉంటే సర్దుకోవచ్చు. అర అంగుళం వచ్చిందంటే ఛాసీ చదరం తప్పి పక్కకి జరిగిపోయినట్టే, ఫ్రేమ్ షాపులో లాగించాలి.

పక్క పట్టీలకి లోపలివైపు పలక వేసి పెట్టెలా మూయడం మంచి పని. వెల్డింగ్ మాత్రం ఒకే చోట ఏకధాటిగా చేయొద్దు. రెండు అంగుళాలు ఇక్కడ, రెండు అంగుళాలు అవతలి వైపు చివర, ఇలా దూరం దూరంగా టాకాలు వేసుకుంటూ పోవాలి. తొందరపడితే ఆ వేడికి ఛాసీ అరటికాయలా వంగుతుంది.

సీటు ముందు, కేజ్ తర్వాత

చాలామంది కేజ్ పూర్తి చేసి, మిగిలిన చోట సీటు ఇరికిస్తారు. అది తలకిందుల పని. నడిపే మనిషిని హెల్మెట్ పెట్టించి సీట్లో కూర్చోబెట్టండి. సీటు కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సరిచూడండి. మోచేతులు కొద్దిగా వంగి స్టీరింగ్ అందాలి, కాలు పూర్తిగా చాపకుండానే బ్రేకు అడుగు దాకా వెళ్లాలి. ఆ మనిషి చుట్టూ కేజ్ కట్టండి.

పాతకాలం మెకానిక్కులకి ఈ సంగతి బాగా తెలుసు. ఆ 1948 డేటోనా రేసు గెలిచిన రెడ్ బైరన్‌కి యుద్ధంలో ఎడమ కాలు బాగా దెబ్బతింది. ఆ కాలు క్లచ్ మీద నిలిచేలా పెడల్‌ని ఆయన కోసమే మార్చి అమర్చారు. ఆయన కారుని సిద్ధం చేసిన మెకానిక్కు రెడ్ వోట్. నాస్కార్ అనే పేరు సూచించింది కూడా ఆయనే.

కేజ్ దగ్గర పాత పద్ధతి పూర్తిగా వదిలేయాలి. ఆ రోజుల్లో నీళ్ల పైపులతో కేజ్ కట్టేవారు. అతుకుల దగ్గర అవి విరిగి మనుషులు పోయారు. మీరు 1.75 అంగుళాల వ్యాసం, 0.095 అంగుళం మందం ఉన్న డీఓఎం (అచ్చు మీదుగా లాగి చేసిన) ఉక్కు ట్యూబు వాడండి. క్లబ్బు ఇంకా మందం అడిగితే అదే వేయండి. పైపు కాలు ఛాసీ మీద ఆనే ప్రతి చోటా కింద పలక వేసి, బరువు పలక మీద పరుచుకునేలా వెల్డ్ చేయాలి. సీటు వెనక విల్లులా వంచి నిలబెట్టే పెద్ద హూప్‌లో ఒక మూల నుంచి ఇంకో మూలకి ఏటవాలుగా తిన్నని పైపు ఉండి తీరాలి. ఎడమ తలుపు వైపు కనీసం మూడు అడ్డ పైపులు. తలకీ పై పైపుకీ మధ్య హెల్మెట్‌తో సహా మూడు అంగుళాలు ఖాళీ, పైపుకి రేసింగ్ ప్యాడింగ్. వెల్డింగ్‌లో మీ చెయ్యి ఇంకా కుదరకపోతే టాకాలు మీరు వేసి, చివరి వెల్డింగ్ అనుభవం ఉన్నవాడితో చేయించండి. ఇక్కడ డబ్బు ఆదా చేయొద్దు.

బెల్టులు అయిదు లేదా ఆరు పట్టీలవి, తయారీ తేదీ చూసి కొత్తవే కొనండి. భుజం పట్టీలు వెనక పైపుకి కట్టే చోటు భుజం ఎత్తులో గానీ కాస్త కిందకి గానీ ఉండాలి. మరీ కిందకి కడితే గుద్దుకున్నప్పుడు వెన్నెముక నొక్కుకుపోతుంది. పెట్రోలుకి రబ్బరు సంచి ఉన్న ఫ్యూయల్ సెల్ వేయండి. బయటికి పాత ట్యాంకులా కనిపించాలంటే దాని చుట్టూ రేకు డబ్బా కట్టుకోవచ్చు, మేం అలాగే చేశాం.

ఇరుసులు, బ్రేకులు

1937 ఫోర్డ్ బ్రేకులు ఇనుప తీగల కేబుళ్లతో పనిచేసేవి. ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులు 1939లో ఇచ్చింది. ఆ 1939 కారుకి హైడ్రాలిక్ బ్రేకులూ ఉన్నాయి, పెద్ద వలయంలో అయిదు బోల్టులుండే వైడ్ ఫైవ్ హబ్బులూ ఉన్నాయి. ఆ డ్రమ్ములు దొరికితే వదలొద్దు. మాస్టర్ సిలిండర్ మాత్రం రెండు గదులది, ఈనాటిది వేయండి. కింద దాగి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు.

వెనక ఇరుసులో ఫోర్డ్ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. హబ్బుని పట్టి ఉంచేది యాక్సిల్ చివరి నట్టే. కుడి యాక్సిల్ విరిగిందంటే చక్రం హబ్బుతో సహా ఊడి జనంలోకి పోతుంది. అందుకే యాక్సిల్ విరిగినా చక్రం ఊడిపోని సేఫ్టీ హబ్బులు ఆ రోజుల్లోనే వచ్చాయి. కనీసం కుడి వైపు అవి లేకుండా కారు ట్రాకు మీదకి తీసుకెళ్లకండి.

స్తోమత ఉంటే క్విక్ ఛేంజ్ హౌసింగ్ వేసుకోండి. యుద్ధం తర్వాత టెడ్ హాలిబ్రాండ్ చేసినవి పేరుపొందాయి. క్రౌన్ పినియన్‌ని కదపకుండా, వెనక మూత విప్పి రెండు పళ్ల చక్రాలు మారిస్తే రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్టు ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క) మారిపోతుంది. మీ క్రౌన్ పినియన్ 4.11 అనుకోండి. 24, 20 పళ్ల జత ఒక రకంగా వేస్తే 4.93 వస్తుంది, అదే జత పైది కిందకి, కిందది పైకి మారిస్తే 3.43 అవుతుంది. పావు మైలు ట్రాకుకి ఒకటి, పెద్ద ట్రాకుకి ఇంకొకటి. చేతులకి ఆయిల్ అంటుతుంది, అంతే.

ఇంజన్

ఓపిక అంతా ఇక్కడే కావాలి. ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8లో వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులో, సిలిండర్ల పక్కనే ఉంటాయి. కాలిన గ్యాసు బ్లాకు నీటి మధ్య నుంచే బయటికి పోవాలి. ఒక్కో వైపు నాలుగు సిలిండర్లుంటే గ్యాసు బయటికి పోవడానికి మూడే దారులు. మధ్య సిలిండర్లు రెండూ ఒకే దారిలోకి ఊదుతాయి. అందుకే వేడెక్కడం ఈ ఇంజన్‌కి పుట్టుగుణం.

1937 నాటి అసలు ఇంజన్ 221 క్యూబిక్ అంగుళాలు. దాని బదులు యుద్ధం తర్వాతి ఒక్కో హెడ్‌ని 24 స్టడ్డులు పట్టి ఉంచే 239 బ్లాకు వెతకండి. బోరు (సిలిండర్ వెడల్పు) 3.1875, స్ట్రోకు (పిస్టన్ కదిలే పొడవు) 3.75 అంగుళాలు. దీనికి 1949 నుంచి 1953 దాకా వచ్చిన మెర్క్యురీ క్రాంక్ వేస్తే స్ట్రోకు 4 అంగుళాలై 255 అవుతుంది. బోరుని 3.3125కి పెంచితే 276. ఆ కాలంలో ఎక్కువమంది కట్టుకున్న పెద్ద ఇంజన్లలో ఇదొకటి. గోడ మందం అల్ట్రాసోనిక్‌తో కొలవకుండా మాత్రం బోరు పెంచొద్దు.

బోరింగ్ కంటే ముందే పగుళ్లు చూపించండి. మాగ్నఫ్లక్స్ పరీక్షలో బ్లాకుకి అయస్కాంత శక్తి ఎక్కించి ఇనుప రజను చల్లుతారు. పగులున్న చోట రజను సన్నని గీతలా పేరుకుంటుంది. మా మొదటి బ్లాకుని అమ్మినాయన మాట నమ్మి నేరుగా బోరింగ్‌కి ఇచ్చేశాం. బోరు కొట్టించి, కడిగించి, డబ్బులు కట్టి తెచ్చుకున్నాక పరీక్ష చేయిస్తే ఎగ్జాస్ట్ వాల్వు సీటు నుంచి సిలిండర్ అంచు దాకా వెంట్రుకంత గీత. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. అందుకే చెప్తున్నా, ముందు కడిగించాలి, తర్వాత పగుళ్ల పరీక్ష, తర్వాతే బోరింగ్. ఎగ్జాస్ట్ సీటుకీ సిలిండర్‌కీ మధ్య, స్టడ్డు కన్నాలకీ నీటి కన్నాలకీ మధ్య, ఈ రెండు చోట్ల ప్రత్యేకంగా చూడమని అడగండి.

కడిగించడం అంటే ఆయిల్ మరకలు పోవడం కాదు. ఫ్యాక్టరీలో బ్లాకు పోత పోసినప్పటి ఇసుక, తీగ ముక్కలు వాటర్ జాకెట్‌లో (బ్లాకు లోపల నీళ్లు తిరిగే ఖాళీలో) ఇంకా మిగిలే ఉంటాయి. సన్నటి కడ్డీతో ప్రతి నీటి కన్నంలోంచీ గీకాలి, గాలి కొట్టాలి, బ్లాకు తిరగేసి తట్టాలి, మళ్లీ గీకాలి. మా రెండో బ్లాకులోంచి టీ గ్లాసు నిండా రాయిలా గట్టిపడ్డ ఇసుక వచ్చింది. అది తీశాక ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ ఇంజన్ మరగలేదు. పెద్ద రేడియేటర్, కొత్త వాటర్ పంపులు ఆ తర్వాతి సంగతి. పంపులు రెండుంటాయి, రెండూ మార్చండి.

రేకు పని, రంగు

ఇది తొందరగా అయిపోయే పని. ఫొటో ముందు పెట్టుకుని ఫెండర్లు ఎక్కడ కోశారో అక్కడే కోయండి. కోసిన అంచుని మడవండి, లేకపోతే చెయ్యి తెగుతుంది. ఇంజన్‌కీ డ్రైవర్‌కీ మధ్య గోడలో ఒక్క కన్నం కూడా తెరిచి ఉండకూడదు. రంగు అద్దంలా మెరవనక్కర్లేదు, ఆ కార్లు అలా ఉండేవి కావు. నంబరు మాత్రం స్టిక్కర్ వేయొద్దు. ఎనామెల్‌తో, కుంచెతో రాయించండి.

తూకం

కారు అయ్యాక నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు పెట్టాలి. నేల లెవెల్ చూసుకోండి, టైర్లలో గాలి సరిచేయండి, ట్యాంకులో రేసుకి పోసేంత పెట్రోలు పోయండి, డ్రైవర్‌ని సీట్లో కూర్చోబెట్టండి. ఉదాహరణకి పౌండ్లలో ముందు ఎడమ 700, ముందు కుడి 620, వెనక ఎడమ 720, వెనక కుడి 560 వచ్చాయనుకోండి. మొత్తం 2600. ఎడమ వైపు 1420, అంటే 54.6 శాతం. ఈ ట్రాకుల మీద కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది కాబట్టి ఎడమ బరువు ఎక్కువుండటం మంచిది. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 1340, అంటే 51.5 శాతం. దీన్నే క్రాస్ వెయిట్ అంటారు.

ఎడమ శాతం మారాలంటే బ్యాటరీనో ట్యాంకునో నిజంగా జరపాలి. క్రాస్ వెయిట్‌ని మాత్రం స్ప్రింగుతోనే మార్చొచ్చు. ఫోర్డ్‌కి అడ్డంగా ఉండే కమాన్ పట్టీలు కాబట్టి, కమానుకీ ఛాసీ అడ్డ పట్టీకీ మధ్య ఒక వైపు మందంగా ఉండే పలక పెట్టి బరువుని ఒక మూలకి తోయాలి. క్రాస్ పెరిగితే మలుపులో ముక్కు తిరగదు, కారు గోడ వైపు పోతుంది. తగ్గితే తోక జారుతుంది.

వెనక డిఫరెన్షియల్ లాక్ చేసి, రెండు వెనక చక్రాలూ కలిసే తిరిగేలా ఉంటుంది కాబట్టి కుడి వెనక టైరు ఎడమదానికంటే పెద్దదిగా ఉండాలి. ఎంత పెద్దది? లోపలి చక్రం 100 అడుగుల వ్యాసార్థంలో తిరుగుతోంది, రెండు చక్రాల మధ్య 5 అడుగులుంది అనుకుంటే బయటి చక్రం 5 శాతం ఎక్కువ దూరం పోవాలి. ఎడమ టైరు చుట్టుకొలత 84 అంగుళాలైతే కుడిది దాదాపు 88. ఇది లెక్క మాత్రమే. రెండు అంగుళాల తేడాతో మొదలుపెట్టి, ముక్కు తిరగకపోతే పెంచుకుంటూ పోండి. పాత పద్ధతి బయాస్ టైర్లకి గాలి పెంచితే చుట్టుకొలత కూడా పెరుగుతుంది, టేపు పెట్టి కొలిచి చూడండి.

ట్రాకు మీద మొదటి రోజు

అయిదు ల్యాపులు, సగం వేగం, అంతే. లోపలికి రాగానే ఇంజన్ ఆపకముందే టెంపరేచర్ చూసి పుస్తకంలో రాసుకోండి. తర్వాత కారు కిందకి దూరి స్టీరింగ్ కీళ్లు, విష్‌బోన్ (ఇరుసుని ఛాసీకి పట్టి ఉంచే V ఆకారపు కడ్డీ) బోల్టులు, బ్రేకు పైపులు ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూడండి. వెల్డింగ్ అతుకుల దగ్గర రంగు చిట్లి ఉంటే కింద పగులు ఉండొచ్చు, గీకి చూడాలి. చక్రాల నట్లు బిగించి, ఇంకో పది ల్యాపులు కొంచెం వేగంగా తిప్పండి. మధ్యాహ్నం కారుని నీడలో పెట్టి వదిలేయండి. హెడ్లు అల్యూమినియంవి అయితే బ్లాకు మీద అరచెయ్యి పెట్టి చల్లగా తగిలేదాకా ఆగి, అప్పుడు టార్క్ పానాతో మధ్య స్టడ్డుల నుంచి చివరలకి వరసగా మళ్లీ బిగించండి.